బహుమతుల రిజిస్టరులో కొరమేను

ఒక కొరమేను, ఒక గుమ్మడికాయ, ఆరు గడుల రిజిస్టరు. ఈ మూడూ కలిసి ఒక పెద్దమనిషి పింఛనును మింగబోయాయి. వాటిని ఉసిగొల్పింది నేను. తప్పు నాదని ముందే ఒప్పేసుకుంటున్నాను. సగం చదివాక "ఇంతకీ ఈ ఘనకార్యం ఎవరిదండీ" అని మీరు అడిగితే అప్పటికి నాకు ధైర్యం చాలకపోవచ్చు.

నా పేరు నాగూరు. మాది తాడేపల్లిగూడెం. నాన్న దర్జీ. మా ఇంట్లో గుడ్డముక్కలు తప్ప కాగితం ముక్కలు ఉండేవి కావు కాబట్టి నా చదువంతా శాఖా గ్రంథాలయంలో జరిగింది. ఫ్యాను కింద కుర్చీలు రిటైరైన మేష్టార్లవి, కిటికీ పక్క కుర్చీ నాది. దినపత్రిక చేతులు మారి నా దాకా వచ్చేలోపు బీరువాలో ఏది దొరికితే అది చదివేవాణ్ణి. కోళ్ల పెంపకం, గ్రహాల కదలిక, తేనెటీగల కాపురం, వీలునామా రాయడం ఎలా, అన్నీ. ఒక విద్య వచ్చినవాడు ఆ పని చేసుకుంటాడు. పది విద్యలు వచ్చినవాడు పక్కవాళ్ళ పనులు దిద్దుతాడు. నేను రెండో రకం.

ఆ చదువుతోనే పరీక్ష రాసి జూనియర్ అసిస్టెంటునయ్యాను. ఏలూరు నుంచి బస్సులో వెళితే కొల్లేటి అంచున వచ్చే ఒక మండల పరిషత్తు ఆఫీసులో వేశారు. ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్ళు ఇప్పటికీ నన్ను చూస్తే పలకరిస్తున్నారు, చెడగొట్టుకోవడం దేనికి? రోజూ పొద్దున్నే గూడెంలో రైలెక్కి ఏలూరులో దిగి, బస్సు పట్టుకుని వెళ్ళి, వచ్చిన ప్రతి కాగితం మీదా ముద్ర కొట్టి, నంబరు వేసి, సంబంధిత బల్ల మీద పెట్టడం నా పని. ముద్ర కొట్టడం అని ఎందుకు నొక్కి చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

మా సూపరింటెండెంటు సత్యానందం గారు. సన్నగా, పొడుగ్గా, పాత గొడుగు మడిచి నిలబెట్టినట్టు ఉండేవారు. పెద్దగా మాట్లాడరు. ఎవరైనా కోపంగా వస్తే కుర్చీ చూపిస్తారు, ఇంకా కోపంగా ఉంటే మంచినీళ్ళు ఇప్పిస్తారు. ఆఫీసులో నీళ్ళూ టీలూ, సగం పెత్తనమూ అటెండరు సుగుణమ్మ గారివి. ఆవిడ దృష్టిలో నేను "పుస్తకాల బాబు".

ఒక ఆదివారం గ్రంథాలయంలో నా చేతికొక లావుపాటి పుస్తకం దొరికింది. ప్రభుత్వోద్యోగాల్లో అవినీతి రాకుండా ప్రపంచ దేశాలు కూర్చుని రాసుకున్న ఒప్పందాలు, లంచం నివారణకు అంతర్జాతీయ ప్రమాణాలు, అన్నీ అందులో ఉన్నాయి. ఉద్యోగికి ఎవరు ఏమిచ్చినా బాహాటంగా రాసిపెట్టాలట. తన సొంత లాభం కలిసే ఫైలు మీద అతను నిర్ణయం చేయకూడదట. తప్పు చూసినవాడు నిర్భయంగా చెప్పాలట, చెప్పినవాణ్ణి కాపాడాలట. చదువుతుంటే వీపు నిటారైంది. ఇందులో సగం మాటలు మా ఆఫీసు గోడ మీద సర్వీసు నిబంధనల అట్టలో ఏళ్ళ తరబడి ఉన్నాయి. ఆ అట్ట కింద నిలబడి రోజూ టీ తాగేవాణ్ణి, ఒక్కనాడూ తలెత్తి చదవలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. పొరుగు దేశం పుల్లకూర అయితే ఇక చెప్పాలా!

సోమవారం సత్యానందం గారి ముందు నిలబడి, బహుమతుల రిజిస్టరు ఒకటి పెట్టాలని చెప్పాను. అర గంట చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా గడియారం చూడలేదు.

"మంచి పనే కదండీ, పెట్టండి," అన్నారు.

"అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పెడుతున్నానండి."

"అలాగే. గీతలు మాత్రం తిన్నగా కొట్టండి."

ఆరు గడులు కొట్టాను. తేదీ, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, వస్తువు, ఇచ్చినవారి పని ఏదైనా ఆఫీసులో పెండింగులో ఉందా, తీసుకున్న చర్య. ఐదో గడి ఎందుకో నేను ఆలోచించలేదు. పుస్తకంలో ఉంది కాబట్టి కొట్టాను. మొదటి పేజీ ప్రారంభ సంతకం కోసం వదిలి రిజిస్టరును ఆయనకిచ్చాను. ఆయన ఒక రోజు ఉంచుకుని తిరిగిచ్చారు. సంతకం అయి ఉంటుందిలే అని ఆ పేజీ తిరగేసి, రెండో పేజీ నుంచి రాయడానికి కలం పట్టుకుని కూర్చున్నాను. కలం ఎండిపోయింది గానీ బహుమతి ఏదీ రాలేదు. ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన గోడ క్యాలెండరు ఒక్కటి వచ్చింది. దాన్ని రాసేసి, ప్రపంచ దేశాలకు నా ముఖం చూపించలేక కుమిలిపోయాను. దొంగలు లేని ఊళ్ళో కాపలావాడి బతుకు ఎంత హీనమో మీకు తెలియదు.

ఇంతలో సార్వా వరి కోతలు అయిపోయి ధాన్యం మాసూళ్ళు ఇళ్ళకు చేరాయి. ఒక మంగళవారం పొద్దున్నే లంక గ్రామం నుంచి ఒక ముసలావిడ గుమ్మడికాయ చంకనెత్తుకుని వచ్చింది. నేరుగా సత్యానందం గారి బల్ల పక్కన దింపింది.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"ఏడాదికోసారి అయ్యగారికి ఇచ్చేదే కదా బాబూ," అంది.

వినండి! ఏడాదికోసారి. ఇచ్చేదే. నా ఒంట్లో జెనీవా గంటలు మోగాయి. బుధవారం రెండు నాటుకోళ్ళు వచ్చాయి. గురువారం పొద్దున అరటిగెల, సాయంత్రం బూరుగు దూదితో కుట్టిన తలగడ. ప్రతిదీ సత్యానందం గారి బల్ల పక్కకే చేరింది. ఆయన లేచి నిలబడి రెండు చేతులా అందుకుంటున్నారు! సాయంత్రం అన్నీ మోపెడ్‌కి కట్టుకుని తీసుకుపోతున్నారు! ఇంత కాలమూ నేను తండ్రిలా చూసుకున్న మనిషి! ఆ వచ్చే నెలాఖరుకే ఆయన రిటైరవుతున్నారు. ఈలోపు పట్టుకోకపోతే ప్రమాణం భ్రష్టమైపోతుందని నిశ్చయించుకున్నాను.

అనుమానం ఉన్నవాడికి చెబితే సాక్ష్యం మాయమవుతుందని చదివాను కదా, అందుకని ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. రాయడం మాత్రం రాశాను. కోళ్ళ కాళ్ళకు చీటీలు కట్టాను. ఐదో గడి కోసం ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి ఫలానా వారి ఫైలు ఉందా అని విచారించాను. ఎక్కడా లేదు. "లేదు" అని రాశాను. మరో గడి నిండిందని సంతోషించాను తప్ప, దాని అర్థం బుర్రకెక్కలేదు. అరుగు మీద కూర్చుని నేను చేస్తున్నదంతా చూసిన సత్యానందం గారు ఒక్క మాటే అన్నారు.

"రాయండి నాగూరు. రాసి పెట్టుకోవడం ఎప్పుడూ మంచిదే."

ఎంత నిబ్బరం అనుకున్నాను. ఆరితేరిన చేయి అనుకున్నాను.

శుక్రవారం నాడు సత్యానందం గారు ఏదో సమావేశానికి వెళ్ళినప్పుడు ఏసుపాదం గారు వచ్చారు. కొల్లేటి గట్టున చేపలు పట్టుకునే మనిషి. తడి గోనెసంచి విప్పితే అందులో మోచేతంత కొరమేను. మెరుస్తోంది, నోరు తెరుస్తోంది, నన్నే చూస్తోంది.

"అయ్యగారికండి. ఎల్లుండి ఆదివారం లోపు అందాలండి," అన్నారు.

"ఎందుకు?"

"మొక్కుకున్నానండి. మా ఇంటిది ఆసుపత్రి నుంచి నడిచొస్తే, ముందుగా పడిన పెద్ద చేప ఇచ్చేస్తానన్నానండి."

ఇంటావిడ ఆసుపత్రి పేరు చెప్పి పేదవాడి నుంచి చేప గుంజుతున్నారన్నమాట! నా గుండె మండిపోయింది. "ఈ చేప ఆఫీసు స్వాధీనంలోకి తీసుకోబడింది," అని ప్రకటించాను. ఏసుపాదం గారు నా వంక, చేప వంక చూసి, "ఎవరు తీసుకున్నా ఆదివారానికి అందితే చాలండి," అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

కొరమేను సామాన్యమైన చేప కాదు. నీళ్ళు లేకపోయినా గంటల తరబడి బతుకుతుంది, నీళ్ళుంటే నాలాంటివాళ్ళ పాపం పండే దాకా బతుకుతుంది. రికార్డు గది వెనక ఉన్న నీలం డ్రమ్ములో నీళ్ళు పోసి, దాన్ని వదిలి, పైన పళ్ళెం మూసి, బరువుకి పాత జనాభా లెక్కల పుస్తకాలు పెట్టి, "సాక్ష్యము, ముట్టరాదు" అని అట్ట తగిలించాను.

సుగుణమ్మ గారు చీపురు ఆపి అట్ట చదివారు. "సాచ్చికానికి మేత ఎవరు పెడతారండీ బాబూ?" అన్నారు.

"మీరు ఈ విషయంలో కల్పించుకోకూడదండి. ఇది విచారణలో ఉంది."

"చేప విచారణలో ఉందా అండి?"

"చేపని తెప్పించినవారు."

ఆవిడ ఇంకేదో అడగబోయారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆ చెయ్యి అడ్డం పెట్టకపోతే ఈ కథ అక్కడే అయిపోయేది. మా గూడెంలో ఉన్న చర్చిలన్నీ నాకు తెలుసు, క్రిస్మస్‌కి మా వీధిలో కేకులు పంచుకోవడం తెలుసు. పల్లె చర్చిల్లో కోతలయ్యాక ఏం చేస్తారో ఒక్కటే తెలియదు. అది తెలిసిన మనిషి చీపురు పట్టుకుని నా ముందే నిలబడి ఉంది. అడిగానా? గ్రంథాలయంలో లేని విషయం ప్రపంచంలో ఉంటుందని నాకు తోచలేదు.

నిజానికి పిటిషను గురువారం నాడే పంపేశాను. కొల్లేటి చాంతాడంత పిటిషను. రిజిస్టరు పేజీల నకళ్ళు జతచేసి, ప్రపంచ ఒప్పందంలోని మాటలు ఎర్ర సిరాతో ఎత్తిరాసి, కింద నా పూర్తి పేరు పెట్టి, సాయంత్రం ఏలూరులో దిగి పెద్దాఫీసులో స్వయంగా ఇచ్చి రసీదు తీసుకున్నాను. శుక్రవారం సాయంత్రం ఫోనొచ్చింది. సోమవారం విచారణకు ఒక అధికారి వస్తున్నారు, రిజిస్టరు, సాక్ష్యాలు సిద్ధంగా ఉంచండి అని. ఆ రాత్రి అమ్మతో, "నీ కొడుకు పేరు రేపో మాపో పేపర్లో వస్తుంది," అన్నాను. అమ్మ కంగారుగా, "ఏం చేశావురా?" అంది. తల్లులకు ముందే తెలిసిపోతుంది.

ఇక మిగిలింది ఒక్కటే. ఈ కోళ్ళూ గుమ్మడికాయలూ సత్యానందం గారు ఎక్కడ అమ్ముకుంటున్నారో కళ్ళారా చూడాలి. ఆదివారం లోపు అన్నారు కదా ఏసుపాదం గారు. ఆదివారం పొద్దున్నే ఏలూరులో అద్దె సైకిలు తీసుకుని, నెత్తికి తువ్వాలు చుట్టుకుని, ఆయన ఉండే పల్లెకు వెళ్ళాను. మారువేషం అన్నమాట. ఊరి మొదట్లోనే ఒక పిల్ల, "మండలాఫీసు నాగూరు గారు తలగుడ్డతో వచ్చారు," అని లోపలికి కేకేసింది.

సత్యానందం గారి మోపెడ్ నా కళ్ళముందే ఒక పాత చర్చి ముందు ఆగింది. కోళ్ళు దిగాయి. గుమ్మడికాయ దిగింది. తలగడ దిగింది. లోపలికి తొంగిచూస్తే వేదిక మెట్ల మీద వరి కంకుల గుత్తులు, బియ్యం, బెల్లం, కొబ్బరికాయలు, చెరుకు గడలు, ఒక మేకపిల్ల కూడా. ప్రార్థన అయ్యాక మనుషులంతా చెట్టు నీడన గుంపుగా చేరారు. సత్యానందం గారు బల్లెక్కి గుమ్మడికాయ పైకెత్తి పట్టుకున్నారు. ఆయన అంత గట్టిగా మాట్లాడగలరని నాకు తెలియదు. వేలం మొదలైంది.

బహిరంగంగా అమ్ముతున్నారా! ఎంత బరితెగింపు! గుంపులో కలిసిపోవడానికి అందరిలాగే నేనూ చెయ్యెత్తాను. అందరూ దించారు, నేను దించడం మరిచిపోయాను.

"ఒకటోసారి, రెండోసారి... తలగుడ్డ వారికి," అన్నారు సత్యానందం గారు. తర్వాత తేరిపార చూసి, ముఖం నిండా నవ్వారు. "మన నాగూరు గారేనండీ. ఎంత దూరం నుంచి వచ్చారో చూడండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. గుమ్మడికాయ నా భుజం మీదికొచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. నాకు ఆ తడుముకునే అవసరం కూడా లేకుండా పోయింది.

పక్కనున్న పెద్దాయన్ని మెల్లగా అడిగాను, ఇదంతా ఏమిటండీ అని. ఆయన నన్ను జాలిగా చూసి చెప్పారు. కోతల పండుగ. మొదటి పంట, మొదటి పిల్ల, మొదటి చేప ఎవరికి కలిగింది వాళ్ళు చర్చికి తెచ్చిస్తారు. వాటిని వేలం పాడి, వచ్చిన దానితో ఊళ్ళో ముసలీముతకకీ, జబ్బుపడ్డవాళ్ళకీ చూస్తారు. సత్యానందం గారు సంఘపెద్ద. లంకల్లోవాళ్ళు ఇంత దూరం రాలేక, మండలాఫీసుకు వచ్చినప్పుడు ఆయన చేతికిచ్చి పంపుతారు. ఎన్నో ఏళ్ళుగా ఇంతే.

నా కాళ్ళ కింద కొల్లేరు కదిలింది. సరిగ్గా అప్పుడే జనంలో ఏసుపాదం గారు కనిపించారు. పక్కన ఆయన ఇల్లాలు, బక్కచిక్కిన మనిషి, కొత్త చీర కట్టుకుని, ఆయన మోచెయ్యి పట్టుకుని నిలబడింది. ఇద్దరూ వేలానికి తెచ్చిన వస్తువుల్లో దేనికోసమో వెతుకుతున్నారు. అది ఎక్కడుందో, సుగుణమ్మ గారిని పక్కన పెడితే, లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకడిని నేను. రెండోది డ్రమ్ములో ఈదుతోంది.

గుమ్మడికాయతోనే సత్యానందం గారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఏసుపాదం గారి కొరమేను ఆఫీసులో ఉందండి. నేనే పెట్టాను."

"బతికే ఉందా?"

"ఆయ్, ఉండాలండి."

"అయితే ఇంకేం. నా బండి తీసుకెళ్ళండి. తాళాలు అదిగో, ఆ సుగుణమ్మ దగ్గరున్నాయి. ఆఖర్న పాడదాం దాన్ని."

ఎందుకు పెట్టావని అడగలేదు. అడిగితే బాగుండేదనిపించింది.

ఎవరి మీద పిటిషను పెట్టానో ఆయన మోపెడ్ మీదే, వెనక సుగుణమ్మ గారిని ఎక్కించుకుని, చేపల చెరువుల గట్ల మీదుగా ఆఫీసుకు పరిగెత్తాను. దారిలో ఆవిడకి మొత్తం చెప్పేశాను. ముందుకు చూస్తూ బండి నడుపుతున్నవాడికి ఒక సుఖం ఉంది, ఎదుటివాళ్ళ ముఖం చూడక్కర్లేదు.

"అడిగితే చెప్పేదాన్ని కదండీ," అన్నారు వెనక నుంచి. "చీపురు పట్టుకున్న దానికేం తెలుసనుకున్నారా?"

ఎదురుగా ఎవరూ లేకపోయినా హారన్ కొట్టాను.

"వచ్చే నెలాఖరుకి దిగిపోతున్నారాయన. విచారణ ఉందంటే పింఛను కాగితాలు కదలనివ్వరు. అది తేలేసరికి ఎన్నాళ్ళో. ఒక్క రూపాయి ముట్టని మనిషండి బాబూ."

కొరమేను బతికే ఉంది. దాని ఆరోగ్యం నాకంటే బాగుంది. తిరుగు దారంతా బకెట్టు సుగుణమ్మ గారి ఒళ్ళో ఉంది. ప్రతి గోతికీ అది ఎగిరి నా వీపు మీద తోకతో ఒక్కటిచ్చేది. అడ్డుకోలేదు. ఆ మాత్రం శిక్ష ఎవరో ఒకరు వెయ్యాలి కదా.

చేపను చూడగానే ఏసుపాదం గారి ఇల్లాలు కళ్ళు తుడుచుకుంది. ఉండి అనే ఊరి నుంచి వచ్చిన ఆ పల్లె అల్లుడెవరో దాన్ని పాడుకుని, అక్కడే వంటవాళ్ళకిచ్చేశాడు. తాళాలు తిరిగిస్తూ, "సార్, మీతో ఒక ముఖ్యమైన మాట," అన్నాను. "రేపు ఆఫీసులో చెబుదురుగాని, ముందు భోజనానికి రండి," అని చెయ్యి పట్టుకుని పంక్తిలో కూర్చోబెట్టారు. నా విస్తట్లో పడింది ఆ కొరమేను పులుసే. సాక్ష్యాన్ని నేను తిన్నాను. రుచి గురించి చెప్పే అర్హత నాకు లేదు. రెండోసారి మాత్రం అడిగి వడ్డించుకున్నాను.

సోమవారం నేను వెళ్ళేసరికే విచారణాధికారి మేడమ్ గారు వచ్చేశారు. దెందులూరు దగ్గర నా రైలు ఆగిపోయింది, లేకపోతే ముందే సత్యానందం గారి కాళ్ళ మీద పడేవాణ్ణి. ఆవిడ ఎదుట సత్యానందం గారు, ఎప్పటిలాగే, మడిచిన గొడుగులా. బల్ల మీద నా పిటిషను, నా రిజిస్టరు.

"మేడమ్, ఒక్క మాటండి. నాది పొరపాటు. పిటిషను వెనక్కి తీసుకుంటానండి," అన్నాను గుమ్మంలోంచే.

"పిటిషను మీరు పెట్టారు, విచారణ నేను చేస్తాను. కూర్చోండి." ఆవిడ రిజిస్టరు నా వైపు తిప్పారు. "ఈ ఐదో గడి మీరు పెట్టిందేనా?"

"నేనేనండి. అంతర్జాతీయ ప్రమాణంలో..."

"అందులో ఏం రాశారో చదవండి."

చదివాను. గుమ్మడికాయ, పని పెండింగులో లేదు. నాటుకోళ్ళు, లేదు. అరటిగెల, లేదు. తలగడ, లేదు. కొరమేను, లేదు. ఒక్కో "లేదు"కీ నా గొంతు ఒక్కో మెట్టు దిగింది.

"ఒక్కరికీ ఇక్కడ పని లేదు. మరి లంచం దేనికిచ్చారంటారు?"

ప్రపంచ దేశాలన్నీ కలిసి వచ్చినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేవు. నేనొక్కణ్ణి ఏం చెప్పను?

"పోనీ, కొరమేను ఏది? ఆఫీసు స్వాధీనంలో ఉందని రాశారు."

గుమ్మం దగ్గర్నుంచి సుగుణమ్మ గారు, "నిన్న మధ్యాహ్నం పులుసైపోయిందండి," అన్నారు.

"ఎవరు తీశారు డ్రమ్ములోంచి?"

"నేనేనండి," అన్నాను.

"తిన్నది?"

"అందులోనూ ఉన్నానండి."

మేడమ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత సత్యానందం గారి వైపు తిరిగి, ఈ కానుకల సంగతి పై అధికారికి ఎప్పుడైనా తెలియపరిచారా అని అడిగారు. ఆయన బీరువాలోంచి ఒక కాగితం తీసిచ్చారు. కోతల పండుగకు ముందు ప్రతి ఏడూ ఇస్తారట, చర్చికి చెందిన కానుకలు నా ద్వారా వెళతాయి, అవి ఇచ్చేవారి ఫైళ్ళు ఏవైనా ఉంటే నా దగ్గరికి పంపవద్దు అని. ఆ ఏడాది కాగితం కూడా సక్రమంగా చేరింది. మూలన ముద్ర ఉంది, నంబరు ఉంది, పొట్టి సంతకం ఉంది.

"ఈ పొట్టి సంతకం ఎవరిది?"

నాదే. ప్రపంచంలో ఉన్న కాగితాలన్నీ చదివేవాణ్ణి, నేను ముద్ర కొట్టిన కాగితం చదవలేదు.

ఆవిడ కలం తీసుకుని, ఫిర్యాదులో పస లేదని అక్కడికక్కడే రాయడం మొదలుపెట్టారు. సుగుణమ్మ గారు చీపురు గోడకు ఆనించి దేవుడికి ఒక మాట చెప్పుకున్నారు. రాస్తూ రాస్తూ మేడమ్ గారు రిజిస్టరు మొదటి పేజీ తిప్పి, ఆగారు.

"ఒక్క చోట 'ఉంది' అని ఉందే."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మొదటి పేజీ. ప్రారంభ సంతకం అనుకుని నేను తిరగేసిన పేజీ. ఆవిడ పైకి చదివారు. సత్యానందం గారి గుండ్రటి దస్తూరీలో అక్షరాలా ఇలా ఉంది:

"రంజాను పండుగ మర్నాడు. ఇచ్చినవారు: నాగూరు, జూనియర్ అసిస్టెంటు. పుచ్చుకున్నవారు: నేను. వస్తువు: సేమ్యా పాయసం, ఒక క్యారేజీ. ఇచ్చినవారి పని పెండింగులో ఉందా: ఉంది, ప్రొబేషన్ ఫైలు. తీసుకున్న చర్య: పాయసం తిన్నాను, చాలా బాగుంది. ఫైలు మీద నేను ఏమీ రాయకుండా ఎంపీడీవో గారి నిర్ణయానికి పంపాను. క్యారేజీ కడిగి తిరిగి ఇచ్చాను."

మా అమ్మ అంత ప్రేమగా సేమ్యా నేతిలో వేయించి, వండి పంపిన పాయసం! పుచ్చుకున్నాక ఆయన మర్నాడే నా ఫైలు పైకి పంపారు. సూపరింటెండెంటు గారికి నా మీద ఎంత గౌరవం, అంత తొందరగా కదిలించారని అప్పట్లో గూడెం అంతా చెప్పుకుని తిరిగాను.

"రిజిస్టరంటే మొదట్నుంచీ ఉండాలి కదండీ," అన్నారు సత్యానందం గారు, తప్పు చేసినవాడిలా. "అంతకుముందు ఇలాంటి పుస్తకం లేక రాయలేదు. ఆ గోడ మీద అట్టలో ఉన్నదే కదండీ ఇదంతా."

"అంటే నాగూరు గారూ," అన్నారు మేడమ్ గారు, "ఈ రిజిస్టరు ప్రకారం ఈ ఆఫీసులో పని పెట్టుకుని బహుమతి ఇచ్చిన మనిషి ఒక్కరే ఉన్నారు."

"ఆయ్," అన్నాను. "ఆయన మీద పిటిషను పెట్టమంటారా అండి?"

ముందు నవ్వింది సత్యానందం గారే. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. మేడమ్ గారు వెళ్తూ వెళ్తూ, రిజిస్టరు ఆపొద్దు, ఇలాంటిది అన్ని ఆఫీసుల్లోనూ ఉండాలి అన్నారు. నిర్దోషిని ఇంత చక్కగా కాపాడిన రిజిస్టరును తను చూడలేదన్నారు. అది నా ఉద్దేశం కాదని నేను చెప్పలేదు.

సత్యానందం గారు ఆ మరుసటి నెలాఖరుకి నిక్షేపంగా రిటైరయ్యారు. పింఛను కాగితాలు ఎక్కడా ఆగలేదు, ఆ సంగతి తెలిసిన రోజు నేను రైల్లో గూడెం దాకా నిద్రపోయాను. వీడ్కోలు సభలో శాలువా కప్పాం, పని పెండింగులో లేదని చూసుకున్నాకే. గుమ్మడికాయతో అమ్మ దప్పళం పెట్టింది. "పేపర్లో పేరు వస్తుందన్నావు?" అని అడిగింది. రిజిస్టరులో వచ్చిందన్నాను.

కాబట్టి గ్రంథాలయం కిటికీ పక్క కుర్చీ సాక్షిగా, నీలం డ్రమ్ము సాక్షిగా, ఇప్పటికీ కొల్లేటి గాలి తగిలితే చుర్రుమనే నా వీపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నేను ముద్ర కొట్టే కాగితం చదవకుండా ప్రపంచ ఒప్పందం చదవను. చీపురు పట్టుకున్నవారిని అడగకుండా కలం పట్టుకోను. ఫైలు బల్ల మీద ఉండగా పాయసం పంపను. నిజం తెలుసుకోకుండా ఎవరి మీదా వేలెత్తను. కోతల పండుగలో అయితే చెయ్యి కూడా ఎత్తను. నిరుడు మళ్ళీ వెళ్ళాను, మొదటి నుంచీ చివరి దాకా రెండు చేతులూ వెనక్కి కట్టుకునే నిలబడ్డాను. ఆఖరి పాట సాగుతుండగా ఏసుపాదం గారు కనబడితే దణ్ణం పెట్టబోయి చేతులు పైకెత్తాను. ఇప్పుడు మా ఇంట్లో ఒక మేకపిల్ల ఉంది.